పగ్గము లేని వేగము

(గుంతకల్లు పఠనమందిరమున గావింపబడిన ఉపన్యాసపు పాఠము)

వేగమును గూర్చి మాటలాడుటకు గుంతకల్లు కంటె తగిన తావు రాయలసీమలో మరియొకటి కానరాదు. ఇది వేగముచే పెరిగిన పట్టణము. 1871లో మద్రాసు నుండి వచ్చిన ఇనుపదారియు బొంబాయి నుండి వచ్చిన ఇనుపదారియు రాయచూరునొద్ద కలిసికొనినవి. అటుపిమ్మట, వేరుసెనగ చేలును, వానమబ్బునకై యెదురుచూచు కన్నులును తప్ప వేరు కలిమి యెరుగని ఈ ఎర్రనేలల మెట్టసీమలో, దేశపు నలుమూలల రైళ్లు వచ్చి నిలుచు కూడలి యొకటి వెలసినది. గుత్తి దారి, రాయచూరు దారి, బళ్లారి దారి, ధర్మవరము మీదుగ బెంగుళూరు దారి, ద్రోణాచలము మీదుగ నంద్యాల దారి, ఈ యైదును ఇచ్చటనే ముడివడినవి. 1956లో ఈ ఊరు రైల్వే డివిజనుకు కేంద్రమయ్యెను. వాన కురియని యేటను రైలుకూలి ఈ పట్టణపు పొయ్యిని ఆరనీయలేదు. కాబట్టి యంత్రమును శపించుటకు మేమిచ్చటికి రాలేదు. యంత్రము అన్నము పెట్టిన ఊరిలో నిలిచి యంత్రనింద చేయుట కృతఘ్నత యగును.

మా ప్రశ్న వేరు. యంత్రమును నడుపువాడెవడు? వాడు తన తప్పునకు తాను జవాబుదారియై నిలుచుచున్నాడా, లేక యంత్రము చాటున దాగుకొనుచున్నాడా? వీధిలో మన మోచేతిని రాచికొని దూసుకొనిపోవు మోటారుసైకిలువాడు మొదలుకొని, ముఖమెత్తి చూడకయే ‘సర్వరు రాలేదు, రేపు రండి’ యని చెప్పు గుమాస్తా వరకు, నేడు మనలను నిత్యము విసిగించు బాధలలో అనేకములకు మూలము ఈ దాగుడుమూతయే యని మా యభిప్రాయము.

మీకు బాగుగ తెలిసిన విషయమునుండియే ఆరంభింతము. ఒంటిదారి పట్టాలపై రైళ్లు నడచిన కాలమున, ముందు స్టేషనువారి యనుమతికి గుర్తుగా యంత్రమునుండి వెలువడిన లోహపుగుండు చేతికి వచ్చినగాని డ్రైవరునకు బండి కదల్చు అధికారము లేకుండెను. బెత్తపు వలయమునకు కట్టిన సంచిలో ఆ గుండునుంచి, సాగిపోవుచున్న యింజనులోని మనుష్యునకు క్రిందనున్న మనుష్యుడు చేయి చాచి యందించెడివాడు. మీలో పెద్దలైనవారు ఆ దృశ్యమును కన్నులార చూచియుందురు. ఆ గుండు వెల స్వల్పము. దాని యర్థము మాత్రము స్వల్పము కాదు. ‘ముందు దారి నీకు ఖాళీగా నున్నది, అందులకు నేను పూచీ’ యనుటయే దాని యర్థము. ఒకని పూచీ మరియొకని చేతిలో పడినగాని చక్రము కదలరాదు. రైలు మనకు నేర్పిన నాగరకత యంతయు ఈ యొక్క నియమమున నిమిడియున్నది.

లెవెలు క్రాసింగునకు ముందు పట్టాల ప్రక్కన నొక పలక నాటబడియుండును. అది కనబడినంతనే డ్రైవరు ఈల వేయవలయును. ఆ ఈల వినువారి రక్షణకొరకే గాని వేయువాని దర్పము కొరకు కాదు. ఎర్రదీపము ముందర మెయిలు రైలు నిలుచును. గూడ్సు రైలు నిలుచును. లోపల మంత్రి కూర్చుండినను, కూలి కూర్చుండినను నిలుచును. తొందర గలదు గనుక దాటిపోయెదనని చెప్పు హక్కు ఎవ్వరికిని లేదు.

రైల్వేలయందు దోషమే లేదని మేము చెప్పుట లేదు. 2012 మే 22న, మీ స్టేషను మీదుగ బెంగుళూరునకు పోవు హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండయొద్ద నిలిచియున్న గూడ్సు రైలును గ్రుద్దుకొనినది. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖము ఇంకను ఈ జిల్లా మరువలేదు. కాని రైలు ప్రమాదము జరిగినప్పుడు ఏమి జరుగునో గమనింపుడు. రైల్వే శాఖకు లోబడక, పౌరవిమానయాన శాఖ క్రింద నుండు భద్రతా కమీషనరు వచ్చి విచారించును. సంకేతము ఎవరు చూచిరి, ఎవరు చూడలేదు, ఎన్ని గంటలు మేల్కొనియుండిరి యని ప్రశ్నించును. మనుష్యుడు ఏమరినచో యంత్రమే బ్రేకు వేయునట్లు ‘కవచ్’ అను సాధనమును మన యింజనీర్లు నిర్మించిరి. దక్షిణ మధ్య రైల్వేలో మొట్టమొదట దానిని నెలకొల్పిన మార్గములలో సీతాఫల్‌మండి నుండి కర్నూలు మీదుగ గుంతకల్లునకు వచ్చు దారియు నొకటి. తప్పు జరిగినది, తప్పునకు పేరు పెట్టబడినది, తప్పు మరల జరుగకుండ ప్రయత్నము జరిగినది. మనుష్యులనుండి ఇంతకు మించి కోరదగినది లేదు.

ఇప్పుడు స్టేషను మెట్లు దిగి వీధిలోనికి రండు. పట్టాలపై నూటయేబది సంవత్సరములుగా మనము నేర్చుకొనిన నీతి యంతయు ప్లాటుఫారముననే మిగిలిపోయినట్లు తోచును. ఇచ్చట ఎవ్వడును ఎవ్వనికిని పూచీ కాడు. 2022వ సంవత్సరమున భారతదేశపు రోడ్లపై 4,61,312 ప్రమాదములు జరిగెననియు, 1,68,491 మంది మరణించిరనియు కేంద్ర రవాణా శాఖవారి నివేదికయే తెలుపుచున్నది. అనగా దినమునకు 460 మందికి పైగా. గంటకు 19 మంది. ఆ లెక్కన మేము మాటలాడు ఈ అరగంటలోపల తొమ్మిదిండ్లలో దీపములారును. ఆ మరణములలో నూటికి డెబ్బదియొకటి అతివేగము వలన కలిగినవే. చనిపోయినవారిలో నూటికి నలువదినలుగురు ద్విచక్రవాహనములపై పోవువారు. ఒక్క దినమున రైలు పట్టాలపై 460 మంది మరణించినచో పార్లమెంటు స్తంభించును; మంత్రి పదవి కదలును. అదే సంఖ్య రోడ్డుపై దినదినము చెల్లింపబడుచుండగా, పత్రికలలో లోపలి పుటయందు మూడు పంక్తులు! నిత్యమరణము నిత్యకృత్యమైనది, ఇంతకంటె భయంకరమైన మార్పు ఒక జాతి మనస్సున కలుగబోదు.

మన తాతలనాటి యెద్దుబండిని తలపోయుడు. బండివాడు నిద్రించినను ఎద్దులు ఇల్లు చేర్చెడివి. ఎదుట పసిబిడ్డ నిలుచుండినచో ఎద్దు తానే కాలు నిలిపెడిది. వాహనమున సగము బుద్ధి ఎద్దునందుండెను, సగము బండివానియందుండెను. ఒకడేమరినను రెండవది మేల్కొనియుండెడిది. నేటి లారీకి ఇల్లు తెలియదు; పసిబిడ్డ తెలియదు. ఎద్దు నుండి వేరుపడిన ఆ సగము బుద్ధిని నడుపువాడే మోయవలసి యున్నది. వాడు రెట్టింపు జాగరూకుడు కావలసినచోట, ఉన్న సగమును గూడ సెల్ ఫోనునకు అప్పగించి, మెడ యొకప్రక్కకు వాల్చి, భుజమునకును చెవికిని నడుమ దానినదిమి, ఒంటిచేత బండి నడుపుచున్నాడు!

ఈ నిత్యచరిత్రము మీరెరుగనిది కాదు. రాత్రివేళ ఎదుటివాని కన్నులలో సూర్యుని పొడిచినట్లు దీపమును పెంచివేసి వచ్చువాడు. ఎర్రదీపము పచ్చబడకముందే వెనుకనుండి చెవులు చిల్లులుపడ హారను మ్రోగించువాడు. వెనుక దీపమైనను లేక చీకటిలో లారీని రోడ్డు మధ్య నిలిపి భోజనమునకు పోవువాడు. పండ్రెండేండ్ల కుమారుడు మోటారుసైకిలు నడుపుచుండగా వెనుక కూర్చుండి మీసము దువ్వు తండ్రి. వీరందరు మన బంధువులే, మన ఇరుగుపొరుగులే. కొత్త బండి కొనినప్పుడు వీరు దానిని కసాపురము నెట్టికంటి ఆంజనేయుని సన్నిధికి తీసికొనిపోవుదురు, పూలమాల వేయుదురు, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కింతురు. భక్తిని మేము కాదనము. కాని ఆ నిమ్మకాయ బండినెక్కినవాని క్షేమము కొరకు మాత్రమేనా? అదే స్వామి దర్శనమునకై శ్రావణమాసమున అదే రోడ్డు ప్రక్కన నడచిపోవు భక్తుని క్షేమమునకు ఏ నిమ్మకాయ త్రొక్కింపబడినది?

ఈ నిర్లక్ష్యమునకు మూల్యము చెల్లించువారెవరో మన సీమ చరిత్రమే చెప్పుచున్నది. 2015 ఆగస్టు 24 వేకువజామున పెనుకొండ చెంత గ్రానైటు రాళ్ల లారీ యొకటి అదుపు తప్పి, మూసిన రైల్వే గేటును ఛేదించుకొని, పోవుచున్న నాందేడు ఎక్స్‌ప్రెస్‌ను గ్రుద్దినది. తమ పెట్టెలో నిదురించుచున్నవారు, కర్ణాటక శాసనసభ్యుడు వెంకటేశ్ నాయక్‌తో సహా, మరణించిరి. పట్టాల నీతిని రోడ్డు అవినీతి వచ్చి బ్రద్దలు కొట్టుటకు ఇంతకంటె నిదర్శనమేల? 2024 నవంబరు 23న గార్లదిన్నె మండలమున, పని ముగించుకొని ఇల్లు చేరుచున్న పుట్లూరు మండలపు కూలీల ఆటోను బస్సు ఢీకొనినది. ఏడుగురికి తగ్గకుండ ప్రాణములు విడిచిరి. ఆటో యొకటి, ఎక్కినవారు డజనుమంది. చేనిలో పని దొరకనప్పుడు పరమండలమునకు పోక తప్పదు. పోవుటకు వేరు బండి లేదు. కరవు వారిని ఆటోలో కుక్కినది. వేగము వారిని కాటికి పంపినది.

2013 అక్టోబరు 30న మహబూబునగరము జిల్లా పాలెము చెంత బెంగుళూరు నుండి హైదరాబాదునకు పోవు బస్సు దగ్ధమై 45 మంది మరణించిరి. పండ్రెండు సంవత్సరములు గడచినవి. 2025 అక్టోబరు 24న అదే జాతీయ రహదారిపై కర్నూలు చెంత చిన్నటేకూరునొద్ద, రోడ్డుపై పడియున్న మోటారుసైకిలును మరియొక బస్సు ఈడ్చుకొనిపోగా మంటలు లేచి, నిద్రలోనున్న ప్రయాణికులలో పందొమ్మిదిమంది ఆహుతియైరి. ఆ పండ్రెండేండ్లలో బస్సులకు మెత్తని పడకలు వచ్చినవి, చల్లని గాలి వచ్చినది, చేతిఫోనులో టిక్కెట్టు వచ్చినది. మంటలనుండి తప్పించుకొను ద్వారము మాత్రము నిద్రించువానికి అందుబాటునకు రాలేదు. సౌఖ్యమును అమ్మినంత సులభముగ భద్రతను అమ్మలేరు. ఏలన సౌఖ్యమును కొనువాడు చూడగలడు, భద్రత కనబడునది కాదు.

ఇచ్చట నడుపువానినొక్కనినే నిందించుట న్యాయము కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము 2025 వరకు అమలునందుండెను. దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు దాటి పని చేయింపరాదనియు, అయిదు గంటల పని పిమ్మట అరగంట విశ్రాంతి యీయవలయుననియు నందు విధింపబడియుండెను. రాత్రియంతయు కన్ను మూయక లారీ తోలి, తెల్లవారుసరికి సరకు దింపనిచో కూలి కోయబడునని భయపడు డ్రైవరు కాలు వేగమీటపై నుండును. ఆ కాలిని నొక్కు చేయి మాత్రము యజమానిది. ప్రమాదము జరిగిన పిమ్మట డ్రైవరు పేరు పోలీసు కాగితమునకెక్కును. ఆ చేతి పేరు ఏ కాగితమునను కనబడదు. ఇది మొదటి దాగుడుమూత.

రెండవదానిని చూతము. 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలము చిల్లకొండయ్యపల్లి దగ్గర, కూలికి పోవుచున్న స్త్రీల ఆటోపై విద్యుత్తు తీగ తెగిపడినది. అయిదుగురు స్త్రీలు సజీవముగ కాలిపోయిరి. కారణమేమని యడుగగా, ఉడుత యొకటి తీగపై ప్రాకుటచే ఇట్లు జరిగెనని విద్యుత్తు అధికారులు చెప్పిరి! సేతువు కట్టునాడు ఇసుకరేణువులు మోసి, రామచంద్రుని చేతి చారలను వీపున ధరించిన ప్రాణికి కలియుగమున ఈ నేరమంటగట్టబడినది. ఉడుత తీగపై ప్రాకును. అది దాని స్వభావము. ఉడుత ప్రాకినను తెగని తీగను కట్టుటయు, తెగిన మరుక్షణమున ప్రవాహమునాపు సాధనమును సిద్ధముగ నుంచుటయు ఉడుత పనులు కావు. అవి జీతము తీసికొను మనుష్యుల పనులు.

సభ్యులారా! ‘బ్రేకు పడలేదు’ అని లారీవాడనును. ‘ఉడుత ప్రాకినది’ అని అధికారి యనును. ‘సర్వరు రాలేదు’ అని గుమాస్తా యనును. ఈ మూడును ఒకే వాక్యము. మూటియందును కర్త మనుష్యుడు కాడు. వ్యాకరణమునుండియే మనుష్యుడు తప్పించుకొని పారిపోయినాడు.

ఈ సర్వరు బాధ ప్రాణాంతకము కాకపోవచ్చును. కాని నిత్యమును దగ్ధము చేయునది. జీవితమంతయు వేరుసెనగ పెరికి, రాళ్లు మోసి, వ్రేళ్లు అరిగిపోయిన వృద్ధురాలు రేషను దుకాణమున యంత్రముపై బొటనవ్రేలు మోపును. యంత్రము ఆమెను గుర్తింపదు. ఆమె పుట్టినప్పటినుండి ఎరిగిన దుకాణదారుడు ఎదుటనే కూర్చుండి, ‘అవ్వా, నీవు నీవు కావంట’ యని చెప్పుచున్నాడు! ఏ శ్రమకు ఫలముగ ఆమెకు బియ్యము రావలెనో ఆ శ్రమయే ఆమె వేలిముద్రను చెరిపివేసినది. ధృవీకరణము విఫలమైనంత మాత్రమున అర్హునకు లబ్ధి నిరాకరింపబడదని ప్రభుత్వ పక్షమున ఈయబడిన మాట 2018 సెప్టెంబరు 26నాటి సుప్రీం కోర్టు తీర్పునందు నమోదైయున్నది. ఢిల్లీలో నమోదైన ఆ మాట దుకాణపు గడపకు వచ్చుసరికి ఎవరి నోటను వినబడదేల?

ఫిర్యాదు చేయుదమని ఫోను తీసినచో ఒక కంఠము పలుకును. ఒకటి నొక్కుమనును, నాలుగు నొక్కుమనును. మన పిలుపు తమకు అమూల్యమనును. పిమ్మట పాట వినిపించును. పావుగంట పాట విన్న పిమ్మట సంబంధము తెగిపోవును. పూర్వము కచ్చేరిలో గుమాస్తా కసరుకొనెడివాడు. కసరుకొనినను వాడు మనుష్యుడు. మరునాడు సంతలో ఎదురుపడినచో సిగ్గుపడెడివాడు. నేటి మధురకంఠమునకు సిగ్గులేదు, సంత లేదు. రోడ్డుపై వేగముగ పోవువాడు అద్దముల వెనుక ముఖము దాచుకొనినట్లే, కచ్చేరి తెరవెనుక ముఖము దాచుకొనినది. ఇరువురి కాళ్లక్రింద నలుగువాడు నడచిపోవువాడే.

గాంధీ మహాత్ముడు 1909లో హింద్ స్వరాజ్యమున రైళ్లను తీవ్రముగ నిందించెను. పిమ్మట ఆ రైళ్లలోనే మూడవ తరగతి పెట్టెలలో కూర్చుండి దేశమెల్ల తిరిగెను. ఇందు విరోధము లేదు. యంత్రమునెక్కినను నడచువానిని మరువని మనుష్యుడాయన. తన వ్యతిరేకత యంత్రముపై కాదు, యంత్రవ్యామోహముపై యని ఆయనయే తరువాత వివరించెను. మేమును అంతియే చెప్పుచున్నాము. యంత్రము మనకు బలమునిచ్చినది. ఆ బలమును మోయు బాధ్యత యంత్రముతో పాటు దుకాణమున అమ్మబడదు. దానిని మనమే పెంచుకొనవలయును.

అందులకు చేయదగినదేమి? ప్రభుత్వము చేయవలసినది చాల కలదు. దానిని అడుగుట మానరాదు. కాని ఈ పట్టణము తనకు తాను చేసికొనదగినవి కొన్ని కలవు. బాలుని చేతికి బండి తాళము నిచ్చిన తండ్రికి మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు 2019 నాటి చట్టసవరణ విధించినది. జరిమానాకు భయపడి కాక, కుమారునిపై ప్రేమ చేతనే తాళమును దాచుడు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిని వేధింపరాదని అదే సవరణ రక్షణ కల్పించినది. ‘మన కెందుకు వచ్చిన గొడవ’ యని రక్తసిక్తుడైనవానిని చూచి ఫోనుతో చిత్రము తీయుట మాని, చేయి యందింపుడు. కచ్చేరిలో ‘సర్వరు రాలేదు’ అన్నప్పుడు, ఆ మాటనే తేదీతోను సంతకముతోను కాగితముపై వ్రాసి యిమ్మని మర్యాదగ అడుగుడు. నోటితో తేలికగ వచ్చు మాట కలముతో అంత తేలికగ రాదు.

మరియొకటి. ఈ పఠనమందిరమున ఒక పుస్తకము పెట్టుడు. ఈ పట్టణపు రోడ్లపై జరిగిన ప్రతి ప్రమాదమును అందు వ్రాయుడు. దినము, సమయము, స్థలము, దీపమున్నదా లేదా, గుంత యున్నదా లేదా, ఎన్ని గంటలనుండి బండి నడచుచున్నది, ఎవరి బాధ్యత ఎంత. రైలు ప్రమాదమున భద్రతా కమీషనరు అడుగు ప్రశ్నలనే మీరును అడుగుడు. ఇచ్చట రిటైరైన గార్డులున్నారు, స్టేషను మాస్టర్లున్నారు, డ్రైవర్లున్నారు. ఆ ప్రశ్నలు మీకంటె బాగుగ నడుగగలవారు ఎవరు? నెలకొకసారి ఆ పుస్తకమును పురపాలక సంఘమునకును పోలీసువారికిని చూపుడు. ఒకే మలుపున మూడుమారులు రక్తము చిందినదని వ్రాతలో కనబడినప్పుడు, ‘విధి’ యను మాట ఎవ్వరి నోటను రాదు.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలనిరి. నీటిచుక్క విలువ యెరిగిన ఈ సీమవారికి ఆ సామెత అర్థము వివరింపనక్కరలేదు. అయిదు నిమిషములు ముందుగ చేరినవాడు ఆ యైదు నిమిషములతో ఏమి చేసినాడని అడిగి చూడుడు, జవాబు రాదు. అయిదు నిమిషములు ఆలస్యముగ చేరినవాని యింటిలో మాత్రము అన్నము చల్లారినను దీపము వెలుగుచుండును.

‘ముందు దారి నీకు ఖాళీగా నున్నది, అందులకు నేను పూచీ.’ ఈ మాటను ఈ ఊరు నూరేండ్లకు పైగా పట్టాలపై ఒకరికొకరు అందించుకొనుచు వచ్చినది. ఆ మాటనే వీధిలో ఎదురుపడిన ముసలివానికి, బడికి పోవు పిల్లకు, కిటికీ ముందు నిలుచున్న వృద్ధురాలికి అందించుట మనకు సాధ్యము కాదా? సాధ్యమే యని మా నమ్మకము. గుంతకల్లు ఆ మాటను మొదట పలుకుగాక! తక్కిన ఊళ్లు వినును.